తవ్వితే వస్తనే ఉంటదా? టెక్సాస్‌ల పుట్టిన హబ్బర్ట్ లెక్క

మా అక్క కొడుకు డాలస్‌ల ఉంటడు. ఎమ్మెస్ చదవనీకి పోయిండు, అటెన్క ఆడనే నౌకరి పట్టిండు. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు ముచ్చట మోటర్లు, కరెంటు దిక్కు పోయింది. సోలార్ మోటర్ల మీద నేను రాసిన కాలమ్ చదివిండట. మామా, గవన్నీ ఎందుకు రాస్తవు, ఈడ భూమి కింద కావల్సినంత ఆయిల్ ఉన్నది, తవ్వుకుంటే ఇంకో నూరేండ్లు రంది లేదు, సోలార్ అంటే ఉత్త సబ్సిడీల ఆట అని తేల్చి చెప్పిండు. గది వాడు పుట్టిచ్చిన మాట కాదు. అమెరికాల సగం రాజకీయం ఇయ్యాల గదే మాట మీద నడుస్తున్నది. మన నేల మనం తవ్వుకుందాం, బయటి దేశపోని ముంగట చెయ్యి చాపద్దు అని ఒక దిక్కు. ఎండ, గాలి దిక్కు మలుగుదాం అని ఇంకో దిక్కు. 2008 ఎన్నికలల్ల తవ్వుడే తవ్వుడు అనే నినాదం పుట్టింది. 2025ల ట్రంప్ మల్ల గద్దెనెక్కిన రోజు గూడ గదే ఇనవడ్డది.

వానితోటి నేను కొట్లాడలె. నువ్వున్న కాడికెళ్ళి కార్ల మూడు గంటలు పోతే శాన్ సాబా అని చిన్న ఊరొస్తది, ఆడ పుట్టినాయిన కథ చెప్తా ఇనురా అన్న. డ్యూటీకి టైమైందని పెట్టేసిండు. గా కథ మీకు చెప్తున్న.

ఆయిన పేరు మేరియన్ కింగ్ హబ్బర్ట్. 1903 అక్టోబర్ 5న ఎవుసం చేసే ఇంట్ల పుట్టిండు. టెక్సాస్‌లనే స్పిండిల్‌టాప్ కాడ బోర్ల నుంచి ఆయిల్ ఆకాశానికి చిమ్మి అప్పటికి రెండేండ్లు దాటింది. అంటే ఈయిన కండ్లు తెరిచేసరికే చుట్టూరా ఆయిల్ పిచ్చి మొదలైంది. రెండేండ్ల కాలేజీ చదువు టెక్సాస్‌లనే అయింది. పై చదువుకు షికాగో పోదామంటే కిరాయి పైసలు లెవ్వు. గోధుమ కోతలకు పోయిండు, రైలు పట్టాల కాడ కూలి చేసిండు, గట్ల పని చేసుకుంటనే షికాగో యూనివర్సిటీ దాంక చేరిండు. ఆడ జియాలజీ, ఫిజిక్స్, లెక్కలు మూడూ కలిపి చదివిండు.

గీ మూడు కలిపి చదువుడే ఆయినను జీవితమంతా అందరితోటి లొల్లి పెట్టిచ్చిందని నాకనిపిస్తది. గప్పట్ల జియాలజీ అంటే రాళ్ళ రంగు, పొరల పేర్లు చెప్పే చదువు. లెక్క అడిగితే చానామందికి రాదు. హబ్బర్ట్ అడిగెటోడు. మెత్తగ అడిగే మనిషి గూడ కాదు. తప్పు మాట్లాడితే నలుగుర్ల నిలవెట్టి కడిగేసెటోడని ఆయినతోటి పనిచేసినోళ్ళందరు చెప్పిన్రు.

1930లల్ల న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీల పాఠం చెప్పిండు. అమెరికా మొత్తం పని లేక, తిండి లేక రోడ్డు మీద వడ్డ రోజులవి. కార్ఖానలు అట్లనే ఉన్నయ్, పంటలు అట్లనే ఉన్నయ్, మనుషులు ఉన్నరు, మరి ఆకలెందుకు అని ఆయినకు కోపమొచ్చింది. టెక్నోక్రసీ అని ఒక సంఘం లేస్తే దాంట్ల కలిసిండు. దేశాన్ని పైసల లెక్కతోటి కాదు, శక్తి లెక్కతోటి నడపాలె, ఇంజినీర్లు నడపాలె అన్నది దాని వాదం. గీ ముచ్చట నాకు నచ్చదు. ఓటు లేకుంట చదువుకున్నోళ్ళు ఏలుడంటే మన బతుకులు మల్ల ఇంకొకని చేతులకు పోయినట్టే. కాని ఒక్కటి మాత్రం ఆడనే ఆయినకు గట్టిగ అంటుకున్నది: పైసలు ఎంతన్న అచ్చు గుద్దొచ్చు, భూమిల ఉన్నదాన్ని అచ్చు గుద్దలేం.

1940ల భూమి లోపల నీళ్ళు ఎట్ల కదుల్తయి అన్నదాని మీద పెద్ద వ్యాసం రాసిండు. భూగర్భ జలం చదివెటోళ్ళకు గది ఇయ్యాల్టికీ పునాది లాంటిది. నేను హబ్బర్ట్ వెంట వడ్డది గిక్కడనే. ఆయిల్ మనకు తెల్వదు గని బోరు తెలుసు కద.

మా నాయిన 1997కెళ్ళి 2003 దాంక ఆరు బోర్లు ఏసిండు. మొదటిది 160 ఫీట్లకే ఎగిసి తన్నింది. ఊరంతా చూడనీకొచ్చిన్రు, మేక కోసిన్రు. రెండేండ్లకు సన్నవడ్డది. రెండోది 240. మూడోది 300, కొన్ని దినాలే పోసింది. నాలుగోది దుబ్బ. అయిదో బోరుకు ఒకాయిన అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని చెలకంత తిరిగి, ఈడ కాయ లేచి నిలవడ్డదని చూపెట్టిండు. గదీ దుబ్బనే. ఆరోది 480 ఫీట్లు, కేసింగు పైసలు గూడ అప్పే. బోరు బండి వచ్చిన ప్రతిసారి మా నాయిన చెప్పిన లెక్క ఒక్కటే: ఇంక నూరు ఫీట్లు పోతే పడ్తది. నేను పదో తర్గతి తోటి చదువు బందు పెట్టింది గా అప్పుల కాడనే. హబ్బర్ట్ గ్రాఫు నాకు ఎవ్వరు చెప్పకుంటనే అర్థమైంది గందుకే. ఇంగ్లీషు మాత్రం డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిన, నెల పట్టింది.

ఇగ అసలు ముచ్చట. 1943ల హబ్బర్ట్ షెల్ ఆయిల్ కంపెనీల చేరిండు. హ్యూస్టన్‌ల దాని పరిశోధన విభాగంల పెద్ద మనిషైండు. అంటే ఆయిల్ కంపెనీ జీతం తినుకుంటనే ఆయిల్ లెక్క తీసిండు. 1956 మార్చిల శాన్ ఆంటోనియో పట్నంల ఆయిల్ కంపెనీల సంఘం మీటింగు పెట్టింది. హబ్బర్ట్ మాట్లాడాలె. స్టేజీ ఎక్కనీకి జర ముందుగాల కంపెనీ హెడ్డాఫీసుకెళ్ళి ఫోనొచ్చింది, గా భాగం చెప్పకుంట తీసేయమని. ఆయిన ఇనలె. చెప్పేసిండు.

ఏం చెప్పిండంటే, అమెరికా ఆయిల్ ఉత్పత్తి 1965కు, 1970కి నడుమ శిఖరం తాకుతది, అటెన్క దిగుడే. గప్పుడు ప్రపంచంల ఎక్కువ ఆయిల్ తీసే దేశం అమెరికా. గా హాల్ల కూసున్నోళ్ళందరి బతుకు గదే. ఎట్ల నమ్ముతరు?

లెక్క మాత్రం సాదా లెక్కనే. ఉన్న సరుకు ఇంత అని ఒక అంచనా వేస్కో. తోడుడు సున్నా కాడ మొదలైతది, ఏండ్ల కొద్ది పెరుగుతది, ఆఖరికి మల్ల సున్నాకు రావాలె. గీత గీస్తే గంట లెక్క ఉంటది. గా గీత కింద ఉన్న జాగ మొత్తం కలిపితే ఉన్న సరుకుకు సమానం కావాలె, దాటద్దు. మొత్తం 15,000 కోట్ల బ్యారెళ్ళున్నయనుకుంటే శిఖరం 1965 దగ్గర. కాదు, 20,000 కోట్లు ఉన్నయనుకుంటే 1970 దగ్గర.

జర ఆగి చూడున్రి. 5,000 కోట్ల బ్యారెళ్ళు ఎక్కువ దొరికినా, అంటే మూడో వంతు పెరిగినా, శిఖరం జరిగింది అయిదేండ్లే. నాకు హబ్బర్ట్ చెప్పిన అన్నిట్ల పెద్ద మాట ఇదే. జోరు మీద వాడేటోనికి కొత్త బావి దొరికితే వచ్చేది నూరేండ్లు కాదు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టే ఏండ్లు.

తర్వాత పద్నాలుగేండ్లు ఆయినను ఎక్కిరిచ్చిన్రు. కంపెనీలే కాదు, సర్కారు గూడ. దేశంల భూగర్భ సర్వే శాఖ 1960ల మొదట్ల చెప్పిన లెక్క 59,000 కోట్ల బ్యారెళ్ళు. హబ్బర్ట్ లెక్కకు మూడింతలు. గా లెక్క ఎట్ల తీసిన్రంటే, ఇప్పటిదాంక ఒక్కొక్క ఫీటు తవ్వితే ఎంత ఆయిల్ దొరికిందో, తవ్వని జాగల గూడ ఫీటుకు ఇంచుమించు గంతనే దొరుకుతది అనుకొని గుణిచ్చిన్రు. మా నాయిన లెక్క యాదికొస్తలేదా? ఇంక నూరు ఫీట్లు. హబ్బర్ట్ పాత రికార్డులన్నీ ముంగటేసుకొని ఫీటుకు దొరికేది ఏండ్ల కొద్ది పడిపోతున్నదని చూపెట్టిండు. అల్కగ దొరికే పెద్ద బావులు ముందే దొరుకుతయి, మిగిలినయి చిన్నయి, లోతుయి. కాని పెద్ద లెక్క చెప్పెటోడు అందరికీ ఇష్టం. కంపెనీకి షేరు పెరుగుతది, సర్కారుకు ఓటు పడ్తది, ఎవ్వడూ బండి తోలుడు తగ్గించుకోవాల్సిన పని లేదు. చిన్న లెక్క చెప్పెటోడు ఎవ్వని చుట్టం?

1964ల షెల్ నుంచి రిటైరైండు. యేడికి పోయిండనుకున్నరు? తనతోటి కొట్లాడిన గా సర్కారు శాఖలనే చేరిండు. పన్నెండేండ్లు ఆడ కూసోని ఆడి లెక్కనే తప్పు పట్టిండు. పెద్ద లెక్కకు అండగ నిలవడ్డ మెక్‌కెల్వీ 1971ల గా శాఖకు డైరెక్టరైండు. అంటే హబ్బర్ట్‌కు ఆయిన బాసు.

1970ల అమెరికా రోజుకు 96 లక్షల బ్యారెళ్ళు తీసింది. 1971ల తగ్గింది. 1972ల ఇంకింత. టెక్సాస్‌ల ఏ బావి ఎంత తీయాల్నో గీత గీసే అధికారం ఆడి రైల్‌రోడ్ కమిషన్‌ది. ధర పడిపోవద్దని ఏండ్ల కొద్ది తగ్గిచ్చి తీయిచ్చెటోళ్ళు. 1972ల మొత్తం తీసుకోన్రి అని నల్లా పూరాగ ఇప్పేసిన్రు. ఇప్పితే గూడ పెరగలె. దాచి పెట్టిందేం లేదని గప్పుడు తేలింది. 1973 అక్టోబర్‌ల అరబ్ దేశాలు అమెరికాకు ఆయిల్ బందు పెట్టినయ్. మూడు డాలర్ల బ్యారెలు కొన్ని నెలలల్లనే పన్నెండు డాలర్లకు దగ్గరైంది. పెట్రోల్ బంకుల ముంగట మైళ్ళ కొద్ది కార్ల లైన్లు. ఎక్కిరిచ్చిన మనిషిని పార్లమెంటు కమిటీలు పిలిచి కూసోవెట్టి అడిగినయ్. 1977ల కార్టర్ సర్కారు మెక్‌కెల్వీని రాజీనామా చేయమన్నది. హబ్బర్ట్ అప్పటికే ఏడాది ముందు దిగిపోయిండు.

మరి ఆయిల్ దిగిపోతే దిక్కేంది? ఈ దగ్గర హబ్బర్ట్ తన మాట తానే మార్చుకుండు, నాకు ఆయిన మీద గౌరవం పెరిగింది గీడనే. 1956ల ఆయిన చూపెట్టిన దారి ఎండ కాదు, అణు కరెంటు. యురేనియంతోటి వేల ఏండ్లు బతుకొచ్చు అనుకుండు. అయితే గదే కాలంల అణు చెత్తను ఏడ పాతి పెట్టాలె అనే సైంటిస్టుల కమిటీల పనిచేసిండు. చెత్తను ఎట్లెట్ల పారేస్తున్నరో లోపలికెళ్ళి చూసిండు. చూసినంక మనసు ఇరిగింది. 1970లు, 80లల్ల ఎండ కరెంటు దిక్కు మలిగిండు. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి, పేరొచ్చిన మనిషి, నేను అప్పుడనుకున్నది సక్కగ లేదు అని మలుగుడు చిన్న ముచ్చట కాదు. మన నాయకులల్ల ఒక్కన్ని చూపెట్టున్రి.

ఆయిన గీసిన ఇంకో బొమ్మ ఉన్నది. అయిదు వేల ఏండ్ల వెనకకెళ్ళి అయిదు వేల ఏండ్ల ముందటికి ఒక గీత. బొగ్గు, ఆయిల్, గ్యాస్ మొత్తం కలిపినా గా గీత మీద ఒక సూది మొన లెక్క లేచి పడిపోతది. గంతే. మనం గా సూది మొన మీద కూసోని, ఎప్పటికీ ఇట్లనే ఉంటదని ఎన్నికలు పెట్టుకుంటున్నం.

1979 జూన్ 20న కార్టర్ వైట్ హౌజ్ కప్పు మీద నీళ్ళు కాగవెట్టే 32 సోలార్ పలకలు పెట్టిచ్చిండు. 2000 వచ్చేసరికి దేశానికి కావల్సిన శక్తిల అయిదో వంతు ఎండకెళ్ళే రావాలె అన్నడు. గదే కార్టర్ బొగ్గు గూడ ఎక్కువ తవ్వమన్నడు, గది గూడ చెప్పాలె. రేగన్ వచ్చినంక సోలార్ పరిశోధన పైసలు కోసేసిండు. 1986ల కప్పు రిపేరని పలకలు దించిన్రు, మల్ల ఎక్కియ్యలె. అలాస్కా ఆయిల్ పైపులైను 1977ల మొదలయి, ఆయిల్ ధర పడిపోయి, లైన్లన్నీ జనం మర్చిపోయిన్రు. హబ్బర్ట్ 1989 అక్టోబర్ 11న 86 ఏండ్లకు పోయిండు.

గీడికి ఆపితే మంచి కథ. సోలార్ వాదులు చానామంది గీడనే ఆపుతరు, హబ్బర్ట్‌ను దేవుని చేసి. మా అల్లుడు ఆపనియ్యడు, వానికి గూగుల్ ఉన్నది. అమెరికా ఉత్పత్తి 2008ల రోజుకు 50 లక్షల బ్యారెళ్ళకు పడింది. అచ్చం గంట గీత లెక్కనే. అటెన్క లేవడం మొదలువెట్టి 2018ల 1970 రికార్డు కొట్టేసింది. 2023ల రోజుకు కోటి 29 లక్షలు. ప్రపంచంల ఏ దేశమూ గంత తీయలె. హబ్బర్ట్ గీత ప్రకారం ఇయ్యాల్టికి గదొక ముసలి బావి కావాలె. కాలె. ఆయిన తప్పిండు, ఒప్పుకోవాలె.

ఎందుకు తప్పిండు? ఫ్రాకింగ్. గట్టి రాతిలకు అడ్డంగ బోరేసి, నీళ్ళు, ఉస్కె, మందులు కలిపి జబర్దస్త్ ప్రెజర్ తోటి కొట్టి రాయిని పగులగొడ్తరు. ఎండిన బోర్లల్ల నీళ్ళ కోసం ఇసొంటి పద్ధతే మన దేశంల గూడ కొన్ని దిక్కుల చేసిన్రు. గా రాతిల ఉన్న ఆయిల్‌ను హబ్బర్ట్ లెక్కల పట్టలె. ఇగ ఇనున్రి, గీ ముచ్చట తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలె: ప్రెజర్ పెడితే రాయి ఏ దిక్కు పగులుతది అనే శాస్త్రాన్ని 1957ల రాసిన ఇద్దరిల ఒకడు హబ్బర్టే. జెలటిన్ ముద్దలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రవం ఎక్కిచ్చి, పగులు ఎట్ల పోతదో చూపెట్టిండు. ఇయ్యాల్టికీ ఫ్రాకింగ్ ఇంజినీర్లు చదివే కాగితం గది. తన గీతను ఇరగ్గొట్టిన గొడ్డలికి కామ తానే పెట్టిండు.

అయితే తవ్వుడు వాదం గెలిచినట్టేనా? నాకు గట్ల అనిపిస్తలేదు, ఎందుకో చెప్త. ఫ్రాకింగ్ బావి మొదటి ఏడాదిలనే సగానికి మించి పడిపోతది. గా పడిపోయింది నింపనీకి మల్ల కొత్త బావి, మల్ల కొత్త అప్పు. మా నాయిన ఆరో బోరు. ఇంకోటి, ఇంట్ల తవ్వుకుంటే ధర మన చేతిల ఉంటది అంటరు కద. 2022 జూన్‌ల అమెరికా రోజుకు కోటి 10 లక్షలకు మించి తీస్తున్నది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ఆడ పెట్రోల్ గ్యాలన్ మొదటిసారి అయిదు డాలర్లు దాటింది. ఎందుకంటే బ్యారెల్ ధర తవ్విన ఊర్ల కట్టరు, ప్రపంచ బజార్ల కడ్తరు. దేశం పేరు మీద తవ్వినా అమ్మేది కంపెనీనే, ఎక్కువ ఇచ్చెటోనికే అమ్ముతది. ఎండకు, గాలికి గీ బజారు లేదు. పలకలు యాడికెళ్ళి కొంటున్నం అన్న లొల్లి ఉన్నది, చానావరకు చైనాకెళ్ళే వస్తున్నయి, గది నిజమే. కాని ఒకసారి కొన్న పలక ప్రతి రోజు పొద్దుగాల్ల రేటు మార్చదు.

హబ్బర్ట్‌తోటి నాకు ఒక పంచాది మాత్రం ఉన్నది. ఆయిన లెక్కల బ్యారెళ్ళు ఉన్నయ్, ఏండ్లు ఉన్నయ్, ఊర్లు లెవ్వు. బావి పక్కన ఉండెటోని సంగతి ఏ గీతల లేదు. మన తెలుగోళ్ళకు గీ సంగతి పుస్తకాలల్ల చదవాల్సిన పని లేదు. 1995ల కోనసీమ పాసర్లపూడిల గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. 2014ల నగరంల పైపులైను పేలి నిద్రల ఉన్నోళ్ళు కాలిపోయిన్రు. దేశానికి ఇంధనం దేశంలనే తీసుకోవాలె అన్న మాట ఆడ గూడ చెప్పిన్రు. తవ్వినా, తవ్వి తవ్వి, ఇయ్యాల మన దేశం క్రూడాయిల్‌ల 85 శాతానికి మించి బయటికెళ్ళే కొంటున్నది.

శాన్ సాబా ఉన్న టెక్సాస్ సంగతి గూడ చెప్పాలె. ఆడ ఓట్లడిగేటోళ్ళు చానామంది తవ్వుడు పార్టీనే. కాని అమెరికాల గాలి కరెంటు అన్నిటికంటే ఎక్కువ తీసే రాష్ట్రం గదే. పడమటి టెక్సాస్ రైతుల చెలకలల్ల గాలి మరలు తిరుగుతుంటయి, కింద ఆవులు మేస్తుంటయి, మరకింత కిరాయని రైతుకు ఏడాదికింత వస్తది. ఎవ్వరూ ప్రకృతి ప్రేమతోటి పెట్టలె. లెక్క కుదిరింది, పెట్టిన్రు.

నిన్న మా అల్లుడు మల్ల ఫోన్ చేసిండు. టెక్సాస్‌ల కరెంటు ఏ కంపెనీది కావాల్నో ఇంటోళ్ళే ఎంచుకోవచ్చట, ఫోన్ రీచార్జి ప్యాకుల లెక్క. మరి నీ ఇంటికి ఏ ప్యాకురా అని అడిగిన. జర సేపు వెతికిండు. రాత్రి తొమ్మిది దాటితే ఫ్రీ ఉంటదని తీసుకున్న మామా, బట్టలు గప్పుడే ఉతుక్కుంటం అన్నడు. రాత్రిపూట ఫ్రీ ఎందుకిస్తున్నరో అడిగినవా అంటే, ఏమో, గాలి కరెంటు ఎక్కువైతదట అన్నడు. అటెన్క వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయో అడిగిండు.